తల్లి లేదు, తండ్రి వదిలేశాడు: అమ్మమ్మ పేరుతో మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్‌కు ఏ రుజువు పెట్టాలి?

పిల్లలిద్దరూ తెలంగాణ పల్లెలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. తల్లి చనిపోయింది, తండ్రి మరో పెళ్లి చేసుకుని వెళ్లిపోయాడు. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ (పోషణ, చదువులకు ఇచ్చే సాయం) వస్తే ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. ఆధార్, బోనఫైడ్, తల్లి మరణ ధ్రువపత్రం సిద్ధంగా ఉన్నాయి.

చిక్కంతా తండ్రితోనే. బతికే ఉన్నాడు కాబట్టి పిల్లల్ని అనాథలని రాయలేం. వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్లు, ఇంట్లోవాళ్లు వదిలేసిన తల్లులు అర్హుల జాబితాలో ఉన్నారు గానీ, వదిలేసిన తండ్రి మాట విడిగా లేదు. 2015 బాల న్యాయ చట్టంలోని 'సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలు' అన్న నిబంధన కిందే వెళ్లాలనిపిస్తోంది.

అలా మంజూరైనవాళ్లు చెప్పండి: తండ్రి వదిలేశాడనడానికి పంచాయతీ కార్యదర్శి రాసిచ్చిన పత్రం చాలిందా, నోటరీ అఫిడవిట్ కూడా అడిగారా? ముందు బాలల సంక్షేమ సమితి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాలా, నేరుగా డీసీపీయూలో (జిల్లా బాలల సంరక్షణ విభాగంలో) దరఖాస్తు ఇవ్వొచ్చా? రేషన్ కార్డులో పిల్లలు ఇంకా తండ్రి కిందే ఉన్నారు, మరి మీసేవలో ఆదాయ పత్రం అమ్మమ్మ పేరు మీద తీస్తే ఒప్పుకుంటారా? గార్డియన్‌షిప్ ఆర్డర్ లేకుండా పిల్లలకు అమ్మమ్మతో జాయింట్ ఖాతా ఏ బ్యాంకులోనైనా తెరిచారా?