అప్‌డేట్: కంటి రక్తనాళాలు, వ్యాయామం – ఆరు నెలల తరువాత

రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) ఫొటోలో సూక్ష్మ ధమనులు కొద్దిగా సన్నబడినట్లు కనిపించాయని, వ్యాయామంతో అవి మెరుగుపడతాయా అని ఆరు నెలల క్రితం అడిగాను. అప్పుడు చాలామంది ముందు రక్తపోటు చూపించుకోమన్నారు. ఆ సలహాయే సరైనదని తేలింది, ఎందుకంటే నాకు తెలియకుండానే అది 150/94 వరకు పెరిగి ఉంది.

అప్పటి నుంచి మందుతో పాటు వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా వేగంగా నడుస్తున్నాను. శరీరంలో ఎక్కడా కోత పెట్టకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు రెటీనాయేనని, అక్కడ ధమనులు సన్నబడటం, సిరలు వెడల్పు కావడం గుండెజబ్బు ముప్పుతో ముడిపడి ఉంటాయని డాక్టరు వివరించారు. నడకలో రక్తప్రవాహం పెరిగినప్పుడు నాళాల లోపొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుందని, దానివల్ల నాళాలు సడలుతాయని కూడా చెప్పారు. శారీరక దారుఢ్యం ఎక్కువగా ఉన్నవారిలో ఈ ధమనులు సగటున కాస్త వెడల్పుగా ఉంటాయట.

ఇక ఫలితం: రక్తపోటు 128/82కు దిగింది. కొత్త ఫొటో మాత్రం దాదాపు పాతదానిలాగే ఉంది. గుండె కొట్టుకునే ప్రతిసారీ నాళాల వెడల్పు కొద్దిగా మారుతుంది కాబట్టి రెండు ఫొటోలను పోల్చి మెరుగుదల ఉందని చెప్పలేమన్నారు. (నిజానికి మెరుగుపడిందన్న మాటే వినాలనుకున్నాను.)

బరువులెత్తడం గురించి అడిగినవారికి: ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది కనుక, మధుమేహంతో రెటీనాలో కొత్త నాళాలు పుట్టినవారు కంటి డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. నాకు ఆ సమస్య లేదు. తదుపరి పరీక్ష ఏడాది తరువాత.