ఉత్పత్తిదారుల ధరల సూచీ రాబోయే ద్రవ్యోల్బణాన్ని ముందే చెబుతుందా?

త్రాసు:
కర్మాగారం నుంచి సరుకు బయటికి వచ్చేటప్పుడు తయారీదారు చేతికి దక్కే ధరను ఉత్పత్తిదారుల ధరల సూచీ కొలుస్తుంది. ముడిసరుకు ధర మధ్యంతర సరుకులోకి (మరో వస్తువు తయారీలో వాడే సగం తయారైన సరుకులోకి), అక్కడి నుంచి తయారైన వస్తువులోకి పాకి, చివరకు కొనుగోలుదారు మీద పడుతుంది. కనుక ద్రవ్యోల్బణాన్ని గమనించేవారు వినియోగదారుల ధరల సూచీ కంటే ముందుగా దీనినే చూడాలని నా వాదన. విభేదించేవారు కారణాలతో రాయగలరు.

మొండిలెక్క:
త్రాసు గారూ, ఈ మెట్ల వరుస పాఠ్యపుస్తకంలో ఉన్నంత సాఫీగా బయట సాగదు. చైనాలో ఈ సూచీ 2012 మార్చి నుంచి 2016 ఆగస్టు వరకు, అంటే వరుసగా 54 నెలల పాటు, అంతకు ముందు ఏడాది స్థాయికి దిగువనే ఉండగా, అదే కాలంలో వినియోగదారుల ధరలు ఏటా పెరుగుతూనే వచ్చాయి. ఉక్కు, బొగ్గు వంటి రంగాలలో గిరాకీకి మించిన ఉత్పత్తి సామర్థ్యం మొదటిదానిని కిందికి లాగింది. ఆహారం, సేవల ధరలు రెండోదానిని నిలబెట్టాయి. నాలుగున్నరేళ్లు ఇలా ఎదురుదిశ చూపినదానిని ముందస్తు సంకేతం అనడం ఎలా?

త్రాసు:
చైనా విషయం కాదనను. జర్మనీని కూడా చూడండి. 2022 ఆగస్టులో అక్కడి పారిశ్రామిక ఉత్పత్తిదారుల ధరలు ఏడాది క్రితంతో పోలిస్తే 45.8 శాతం పెరిగాయి. ఆ ఎక్కుడు 2021లోనే మొదలైంది. వినియోగదారుల ద్రవ్యోల్బణం దాని వెనుకే ఎక్కి, 2022 చివరి నెలల్లో శిఖరానికి చేరింది.

మొండిలెక్క:
ఎక్కిన మాట నిజమే, కానీ ఏ కొలత తీసుకున్నా 12 శాతానికి చేరలేదు. దిశ చెప్పి పరిమాణం చెప్పని సూచీతో వడ్డీ రేటు నిర్ణయించగలమా?

పాత గణకుడు:
ఆ తేడాకు కారణం సూచీ నిర్మాణంలోనే ఉంది. జర్మనీలో ఆ నెల ఇంధనం, విద్యుత్తు ధరలు రెట్టింపుకు మించి పెరిగాయి. వాటిని పక్కన పెడితే మిగిలిన పెరుగుదల 14 శాతమే. అన్ని దశల సరుకులనూ ఒకే మూటలో కట్టి సగటు తీస్తే, ముడిసరుకులోని పెరుగుదల మధ్యంతర సరుకులో ఒకసారి, తుది వస్తువులో మరొకసారి లెక్కకు వచ్చి సూచీ ఉబ్బిపోతుంది. అమెరికా 1978లో టోకు ధరల సూచీ పేరును ఉత్పత్తిదారుల ధరల సూచీగా మార్చడంతో పాటు, మొత్తం సరుకుల సగటును వదిలి దశలవారీ సూచీల మీద దృష్టి పెట్టడానికి ముఖ్య కారణం ఇదే (పేరు మార్పే అందరికీ గుర్తుంది, అసలు మార్పు గుర్తులేదు). 2014లో సేవలను, నిర్మాణాన్ని కూడా కలిపి తుది గిరాకీ పద్ధతికి, అంటే మరో ఉత్పత్తిలోకి ముడిసరుకుగా పోకుండా తుది వాడకానికి అమ్మేవాటిని విడిగా లెక్కించే పద్ధతికి, మారారు. ఇంత చేసినా రెండు సూచీల పరిధి ఒకటి కాదు: ఉత్పత్తిదారుల ధరలో అమ్మకపు పన్ను ఉండదు, దిగుమతి వస్తువు ఉండదు, వినియోగదారుల సూచీలో పెద్ద వాటా ఉన్న ఇంటి అద్దెకు ఇక్కడ దాదాపు చోటే లేదు.

కొత్త పాఠకుడు:
అయితే ఈ సూచీని చూడటమే మానేయాలా?

పాత గణకుడు:
మానకూడదు. అమెరికా కేంద్ర బ్యాంకు తన 2 శాతం లక్ష్యాన్ని కొలిచే వ్యక్తిగత వినియోగ వ్యయ సూచీలోకి (ప్రజలు వాడే వస్తువులు, సేవల ధరలను కొలిచే మరో సూచీ) వైద్య సేవలు, విమాన ఛార్జీల వంటి కొన్ని అంశాల ధరలు ఈ లెక్క నుంచే నేరుగా వెళతాయి. అక్కడ ఇది జోస్యం కాదు, ముడి లెక్క. అలాగే తయారీదారు ధరకూ అంగడి ధరకూ మధ్య దూరం పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది చూస్తే వ్యాపారులు ఖర్చును తామే భరిస్తున్నారో, కొనుగోలుదారు మీదికి తోస్తున్నారో కొంత అంచనా వేయవచ్చు. నా మటుకు నాకు ఈ సూచీ అసలు విలువ ఇక్కడే ఉంది.

త్రాసు:
నా ప్రతిపాదనను సవరించుకుంటాను. ఇంధనం, ఆహారం తీసివేసిన మధ్యంతర సరుకుల సూచీ, తుది వస్తువుల ధరలకు మాత్రమే ముందస్తు సంకేతం, సేవలకు కాదు.

మొండిలెక్క:
ఆ మేరకు అంగీకారమే. ఒక్క అభ్యంతరం మిగిలింది: అమెరికాలో ఈ అంకెలను తొలి ప్రకటన వెలువడిన నాలుగు నెలల తర్వాత సవరిస్తారు. మీ సంకేతం నిలిచిందో లేదో పరీక్షించేటప్పుడు సవరించిన అంకెలు కాక, ఆనాడు చేతిలో ఉన్న తొలి అంకెలే వాడాలి.