సమస్యాపూరణం: గాలి విడిచి తాత కన్ను మూసె

మోడరేటర్: ఈ వారం సమస్య ఇదిగో. ఇది ఆటవెలది పద్యంలో చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

*గాలి విడిచి తాత కన్ను మూసె*

వినగానే ఊళ్ళోవాళ్ళు వెదురుబొంగులు తెచ్చేస్తారు. షరతు ఒక్కటే, తాత చావకూడదు. ప్రాణవాయువు జోలికి పోకుండా అపానవాయువుతోనే పని కానివ్వండి. 'పిత్తు' అని నేరుగా రాసినా సరే, తెలుగు మాటే. దాన్ని 'పిత్తం'తో మాత్రం కలపకండి.

కొబ్బరాకు:

ఉలవచారు జుఱ్ఱి యుబ్బిన పొట్టతో
పొరలి పొరలి నడుము పోటు పుట్ట
ఎడమ పక్క తిరుగ నెట్టకేలకు నొక్క
గాలి విడిచి తాత కన్ను మూసె

యతిపతి: యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) శుభ్రంగా ఉన్నాయి. ఏ సమస్య ఇచ్చినా మీ పూరణలో ఉలవచారు కాగుతూనే ఉంటుంది, అదొక ముద్ర. నా పేచీ 'ఎడమ పక్క'తో. అలా పడుకుంటే తగ్గేది పులితేన్పు. అన్నవాహిక జీర్ణాశయానికి పైన ఉంటుంది కాబట్టి పులుపు గొంతులోకి ఎగదన్నదు. కింది గాలి కదలాలంటే వెల్లకిలా పడుకుని, రెండు మోకాళ్ళూ పొట్టకు ఆనేలా ముడిచి, చేతులతో పట్టుకుని నాలుగైదు నిదానపు ఊపిరులు తీయాలి. ఈ భంగిమే పవనముక్తాసనం, అంటే గాలిని వదిలించే ఆసనం. ఆ పేరు ఊరికే రాలేదు. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

కాళ్ళు ముడిచి పట్టఁ గట్టకడకు నొక్క

కొబ్బరాకు: పెద్దపేగు చివరి భాగం దిగేది ఎడమవైపే కదా అని రాశాను. అయినా 'కట్టకడకు' ముందు నా 'ఎట్టకేలకు' తేలిపోయింది, తీసుకుంటున్నాను. ఇంత మంచి చెయ్యి పోయిన నెల గురక సమస్యలో 'నిద్ర'ను రెండు లఘువులుగా ఎలా లెక్కపెట్టిందో అంతుపట్టదు.

యతిపతి: అక్కడ అప్పుడే 'నిదుర' అని సవరించాను. మూడు లఘువుల న గణం. పైకి వెళ్ళి చూసుకోండి.

మిరపతొక్కు:

నాననట్టి శనగ నమిలి మింగిన రాత్రి
కడుపు బుసలు కొట్టఁ గనులు తెఱచి
వాము నమిలినంతనే వాయువు కదలఁగా
గాలి విడిచి తాత కన్ను మూసె

సీసమాలిక: 'బుసలు కొట్టఁ గనులు' చదవగానే పొట్టలో పాము కదిలింది, భేష్. మూడో పాదంలో ఆ 'నే' కొంప ముంచింది. నాలుగో గణం 'నేవాయు' అయింది, 'వా'కు యతి పోయింది. మిగిలిన 'వుకదలఁగా'లో నాలుగు లఘువులూ ఒక గురువూ. ఆటవెలదిలో అక్కడ ఇంద్రగణం పడాలి. అది ఏ ఇంద్రగణం?

విషయమూ తప్పే. వాము నమిలిన క్షణాన గాలి కదలదు. అర చెంచా వాము, చిటికెడు ఉప్పు, వెనకాల గోరువెచ్చని నీళ్ళు, ఆపైన కాసేపు ఆగాలి. శనగలోని రాఫినోజ్, స్టాకియోజ్ చక్కెరలను విరగ్గొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తుంది. దిగడానికే కొన్ని గంటలు పడుతుంది కాబట్టి రాత్రి ఎనిమిదింటి గుగ్గిళ్ళు నడిరాత్రి దాటాక బుస కొడతాయి. ఆ లెక్కన మీ రెండో పాదం చక్కగా కుదిరింది. శనగలు 8 నుంచి 12 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఉడికిస్తే చాలా మటుకు తగ్గుతుంది. నానిన నీళ్ళతోనే ఉడికిస్తే నానబెట్టిన ఫలం సగం పోయినట్టే.

వేపపువ్వు:

అవ్వ ముక్కు మూసి యరుగుపై చేరెను
పిల్లి గోడ దూకి బెదరి పాఱె
ఇంటివార లెల్ల నిటునటు పరువెత్త
గాలి విడిచి తాత కన్ను మూసె

మోడరేటర్: శభాష్ వేపపువ్వు గారూ! 'కన్ను మూసె'కు చావు కాదు, నిద్రా కాదు, దొంగనిద్ర అని మూడో అర్థం తీశారు. ఈ వారానికి ఇదే నా ఓటు.

మిరపతొక్కు: పిల్లి బెదిరింది చప్పుడుకా, వాసనకా? పప్పులవల్ల పరిమాణం పెరుగుతుంది, చప్పుడు పెరుగుతుంది. గాలిలో దాదాపు అంతా వాసన లేని వాయువులే. ముక్కు మూయించేది ఒక శాతం కూడా లేని గంధకపు వాయువులు. వాటికి కోడిగుడ్డు, క్యాబేజీ, ముల్లంగి కావాలి. పద్యంలో తాత ఏం తిన్నాడో లేదు.

వేపపువ్వు: అవ్వకు వాసన, పిల్లికి చప్పుడు. ముల్లంగి సాంబారు అనుకోండి, పప్పూ ముల్లంగీ రెండూ పడ్డాయి.

కొబ్బరాకు: సమస్యలో 'తాత గన్ను' అని ఉండాలేమో?

యతిపతి: అక్కర్లేదు. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు బహుళం. అంటే ప్రథమావిభక్తి మాట తర్వాతి 'క' 'గ' కావచ్చు, కాకపోవచ్చు. రెండూ చెల్లుతాయి, యతికీ ఇబ్బంది లేదు. ఇంకో మాట. ఆయుర్వేద గ్రంథం చరకసంహిత ఆపకూడదన్న 13 వేగాల్లో, అంటే ఒంటికి సహజంగా వచ్చే ఒత్తిళ్ళలో, అధోవాతమూ ఉంది, నిద్రా ఉంది. ఒక్క పాదంలో తాత రెంటినీ వదిలేశాడు, సమస్య ఇచ్చినవారికి దండం.

మిరపతొక్కు: సీసమాలిక గారి మాట మీద మూడో పాదం దిద్దాను:

వాము నమలఁ గొంత వాయువు కదలఁగా

సీసమాలిక: ఆ 'కొంత'లో నిజం ఉంది. మొదటి పాదంలో 'నమిలి' ఉండగా మళ్ళీ 'నమలఁ' ఎందుకు? దాన్ని కూడా చూడండి.