సాక్ష్యం "తక్కువ" అని రాస్తే ఫైలు పక్కన పెట్టేస్తున్నారు, ఏం చేయాలి?

ఆరోగ్య విధానాలకు పాలసీ బ్రీఫ్‌లు (అధికారులు నిర్ణయం తీసుకోవడానికి ఇచ్చే చిన్న నివేదికలు) రాసేవాళ్లకు ఒక ప్రశ్న. అధ్యయనాల సాక్ష్యం ఎంత నమ్మదగిందో తూచే గ్రేడ్ (GRADE) పద్ధతిలో సాక్ష్యంపై నమ్మకానికి నాలుగు మెట్లు: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, అతి తక్కువ. ర్యాండమైజ్డ్ ట్రయల్స్ (ఎవరికి ఏది ఇవ్వాలో చీటీలు తీసినట్టు నిర్ణయించే ప్రయోగాలు) పైమెట్టు నుంచి మొదలవుతాయి, పరిశీలన అధ్యయనాలు (మనం జోక్యం చేసుకోకుండా జరిగేది గమనించేవి) సాధారణంగా "తక్కువ" నుంచి. చిక్కంతా ఇక్కడే. పొగాకు పన్నునో, ప్రకటనల నిషేధాన్నో చీటీలు తీసి సగం జనానికే అమలు చేయలేం కదా! దాంతో "నమ్మకం తక్కువ" అని పడుతుంది. చదివే అధికారికి అది "పని చేయదు" అని వినిపిస్తుంది. 1950లో బ్రిటిష్ పరిశోధకులు డాల్, హిల్ పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం చూపించింది కూడా పరిశీలనతోనే. దాన్ని ఒప్పుకుంటూ అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి) నివేదిక వచ్చేసరికి 1964 అయింది.

అంకెలదీ ఇదే తంటా. ముప్పు వెయ్యిమందిలో 4 నుంచి 3కి తగ్గితే "25 శాతం తగ్గుదల" అనడం ఊరించడమే. "వెయ్యికి ఒకరు" అంటే నిజాయితీ, కానీ చూడ్డానికి చిన్నగా ఉంటుంది. జనాభా మొత్తానికి లెక్కగట్టి పక్కనే రాస్తే సరిపోతుందా?

నమ్మకం స్థాయిని మొదటి పేజీలోనే చెప్పాలా, లేక ఖర్చు, సమానత్వం, అమలు సాధ్యత ఉన్న పట్టికలోకి పంపాలా? "తక్కువ" అనే మాటకు బదులు అధికారులు సరిగ్గా అర్థం చేసుకున్న తెలుగు వాక్యం మీ దగ్గరుంటే ఉన్నదున్నట్టు పెట్టండి.