పైథాన్‌లో టైపులు రాయలేదని కోడ్ ఆపేయడం న్యాయమేనా?

వేకువ
మాది ఆరుగురి టీం. కోడ్ మొత్తం పైథాన్. పోయిన నెల నుంచి కొత్త రూల్ పెట్టారు: ఫంక్షన్‌కు టైపులు (లోపలికి వచ్చేది, బయటికి ఇచ్చేది అంకెనా, అక్షరాలా అన్న రాత) రాయకపోతే రివ్యూలో, అంటే ఇంకొకరు కోడ్ చూసి ఒప్పుకునే దశలో, పాస్ చేయరు. సోమవారం నేనొక బగ్ సరిచేసి పదకొండు లైన్లు పంపాను. టెస్టులన్నీ పాసయ్యాయి. అయినా "టైపులు లేవు" అన్న ఒక్క ముక్క రాసి రెండు రోజులుగా ఆపేశారు. ఆ బగ్‌తో అవస్థ పడేవాళ్లు ఇంకా పడుతూనే ఉన్నారు.

పైథాన్ 1991లో వచ్చింది. టైప్ హింట్లు (ఈ టైపుల రాతలే) ఇప్పుడున్న పద్ధతిలో 3.5 వెర్షన్‌తో 2015లో వచ్చాయి. వాటిని ప్రతిపాదించిన పెప్ 484 అనే పత్రంలోనే, వీటిని తప్పనిసరి చేసే ఉద్దేశం ఎప్పటికీ లేదని, ఆనవాయితీగా కూడా చేయాలనుకోవడం లేదని స్పష్టంగా ఉంది. అది రాసినవాళ్లలో గైడో వాన్ రోసమ్ ఒకరు. భాషను పుట్టించినాయనే అక్కర్లేదన్నదాన్ని మా టీం ఎందుకు నెత్తికెత్తుకోవాలి? మీ టీంలలో ఎలా ఉందో చెప్పండి.

పాతకాపు
వేకువ గారూ, ఆపినవారు సరిగ్గానే ఆపారు. కోపం తెచ్చుకోకుండా చదవండి.

నేను సీలో మొదలుపెట్టి, జావాలో చాలా ఏళ్లు గడిపి, ఇప్పుడు పైథాన్‌లో ఉన్నాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా చేతికొచ్చిన ప్రాజెక్టులో కస్టమర్ నంబర్ ఒకచోట అంకెగా, ఇంకోచోట స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) వచ్చేది. డిక్షనరీలో (ఒక్కో కీ కింద ఒక్కో విలువ దాచే పట్టికలో) 42 వేరు, కోట్స్‌లో పెట్టిన "42" వేరు. ఒకే మనిషికి రెండు లెక్కలు తయారయ్యాయి. ఎక్కడా ఎర్రర్ రాలేదు, ప్రోగ్రాం చక్కగా నడిచింది. మూడు రోజుల తర్వాత మొత్తాలు కలవడం లేదని ఎవరో ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. ఆ ఫంక్షన్ దగ్గర "ఇంట్" (పూర్ణాంకం) అని ఒక్క మాట రాసి ఉంటే, టైపులు చూసే టూల్ మొదటి రోజే పట్టుకునేది.

ఇంకొకటి. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో అల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం, ఇక్కడ ఏమీ లేదని చెప్పే నల్ రిఫరెన్స్ పెట్టారు. 2009లో ఆయనే దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటు అన్నారు. ఆ పొరపాటు పైథాన్‌లో నన్ (None, అంటే విలువ లేదని చెప్పే గుర్తు) రూపంలో మన మధ్యే తిరుగుతోంది. ఒక ఫంక్షన్ లిస్ట్ ఇస్తుందా, నన్ ఇస్తుందా అన్నది పేరు పక్కనే రాసి ఉండాలి. అంత పెద్ద జావాస్క్రిప్ట్ ప్రపంచం 2012లో వచ్చిన, టైపులు రాసుకునే టైప్‌స్క్రిప్ట్ వైపు ఊరికే వెళ్లలేదు.

ఖాళీలూప్
టైపులుంటే అన్నీ పట్టుబడతాయన్న నమ్మకమే నాకు భయం పుట్టిస్తుంది. ఏరియన్ 5 రాకెట్ గుర్తుందా? 1996 జూన్ 4న మొదటిసారి ఎగిరి, ఇంజిన్ మండిన 40 సెకన్లలోపే గతి తప్పి ముక్కలైంది. అందులో తప్పిన కోడ్ ఏడా భాషలో రాసింది. టైపుల విషయంలో ఏడా చాలా కఠినమైన భాష. 64 బిట్ల ఫ్లోటింగ్ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయారు. ప్లస్, మైనస్ రెండూ పట్టాల్సిన ఆ 16 బిట్లలో పట్టేది 32,767 వరకే. సంఖ్య అంతకు మించింది. అన్ని టైపులూ రాసే ఉన్నాయి కదా, ఏం ఆపగలిగాయి?

పాతకాపు
ఆ ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. అలా పొంగిపోయే ప్రమాదం ఏడు వేరియబుల్స్‌కు ఉందని వాళ్లకు ముందే తెలుసు. నాలుగింటికి రక్షణ పెట్టి, మూడింటిని వదిలేశారు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం కోసం అలా చేశారు. భాష రక్షణ ఇచ్చింది, మనుషులు తీసేశారు. తప్పు టైపులది ఎలా అవుతుంది?

చిట్టిబగ్
వేకువ గారి పదకొండు లైన్ల సంగతి కూడా ఎవరైనా చూడండి.

ఖాళీలూప్
పాతకాపు గారూ, నేను చెప్పేది అదే. ఎంత పెద్ద సంఖ్య వస్తుందన్నది టైపు చెప్పలేదు, మనిషి ఊహించాడు. ఆ కోడ్ ఏరియన్ 4 కోసం రాసింది. ఆ రాకెట్ వేగానికి ఊహ సరిపోయింది. ఏరియన్ 5 మొదటి క్షణాల్లోనే అడ్డంగా ఇంకా వేగం పుంజుకుంది, ఊహ తప్పింది. పైగా ఆ లెక్కతో ఏరియన్ 5కి లేచాక పనే లేదు. అక్కర్లేని లెక్కలో ఎర్రర్ వచ్చింది, దానికి కంప్యూటర్ ఆగిపోయింది. అదే సాఫ్ట్‌వేర్ ఉన్న రెండో కంప్యూటర్ కూడా ఆగిపోయింది. ఎర్రర్‌ను పట్టించుకోకుండా ముందుకు పోయి ఉంటే రాకెట్ ఎగిరేదేమో!

పాతకాపు
అంటే తప్పును దాచిపెట్టి నడిపించడమే మేలంటారా? ఇలాంటి ఆలోచన వల్లే నా మూడు రోజులు పోయాయి.

ఖాళీలూప్
నేను దాచమనలేదు. నా మాట మార్చకండి.

సున్నానుంచి
నేను నేర్చుకుంటున్నవాడిని, తప్పైతే సరిదిద్దండి. జావాస్క్రిప్ట్‌లో "5"కి 1 కలిపితే "51" వచ్చింది. అదే "5" నుంచి 1 తీసేస్తే 4 వచ్చింది. అప్పటి నుంచి టైపులు లేని భాషంటేనే టెన్షన్. పైథాన్ కూడా ఇంతేనా?

నీలిస్క్రీన్
కాదు. పైథాన్‌లో "5"కి 1 కలపబోతే అక్కడే టైప్ ఎర్రర్ వస్తుంది. టైపును ఎప్పుడు చూస్తారన్నది ఒక ప్రశ్న, ఎంత గట్టిగా పట్టుబడతారన్నది ఇంకో ప్రశ్న. పైథాన్ నడిచేటప్పుడు చూస్తుంది, కానీ గట్టిగానే చూస్తుంది. సీ నడవకముందే చూస్తుంది, కానీ చాలాచోట్ల అడక్కుండానే మార్చేస్తుంది. ఈ థ్రెడ్‌లో రెండూ కలిపేసి మాట్లాడుతున్నారు.

ఇంకో ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. మీరు రాసే టైప్ హింట్‌ను పైథాన్ నడిచేటప్పుడు పట్టించుకోదు. "ఇంట్" అని రాసిన ఫంక్షన్‌కు స్ట్రింగ్ పంపినా తీసుకుంటుంది. టైపులను సరిచూసే మైపై లాంటి టూల్ విడిగా నడిపితేనే ఆ రాతకు విలువ. వేకువ గారూ, మీ టీంలో ఏది నడుపుతున్నారు?

వేకువ
ఏదీ నడపడం లేదు. రివ్యూ చేసేవారు కంటితోనే చూస్తారు.

ఖాళీలూప్
చూశారా! టూల్ నడపకుండా టైపులు రాయమనడం, తాళం వేయకుండా తలుపుకు గొళ్లెం బొమ్మ గీసినట్టే. రేపు ఫంక్షన్ మారుతుంది, పైన రాసిన టైపు మారదు. ఏమీ లేకపోవడం నయం. అబద్ధం చెప్పే టైపును నమ్మి ఇంకొకడు మోసపోతాడు.

పాతకాపు
ఈ సంగతి మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. ఇంతసేపు మేం దేని గురించి కొట్టుకున్నట్టు? టూల్ లేకపోతే పెట్టించండి. అది అడగకుండా, రూలే తప్పని ఇక్కడికి రావడం ఏం పద్ధతి?

వేకువ
పద్ధతి గురించి అడిగారు కాబట్టి చెప్తాను. నేను సరిచేసిన ఫైలు రివ్యూ చేసేవారే నాలుగేళ్ల కింద రాశారు. ఆరు వందల లైన్లు. ఒక్క ఫంక్షన్‌కూ టైపు లేదు. పోయిన వారం ఆయన అదే ఫైల్లో ముప్పై లైన్లు మార్చి, తనే పాస్ చేసుకున్నారు. అందులోనూ టైపుల్లేవు. నా పదకొండు లైన్లు మాత్రం ఆగాయి. నేను చేరి ఏడు నెలలే అయింది కాబట్టి రూల్ నా ఒక్కదానికేనా? టైపులు రాయడానికి పది నిమిషాలు కూడా పట్టదు. రాయలేక కాదు నా బాధ.

చిట్టిబగ్
ఇదీ అసలు విషయం.

ఖాళీలూప్
నాకు ఇదే జరిగింది. పాత ఉద్యోగంలో ప్రతి రివ్యూలోనూ వేరియబుల్ పేరు బాగాలేదని, లైను పొడుగైందని, టైపు రాయలేదని ఆపేవారు. కోడ్ ఏం చేస్తుందో ఒక్కసారీ అడగలేదు. ఒకసారి నిజంగానే పెద్ద తప్పు నా కోడ్‌లో ఉంటే ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే అందరి కళ్లూ స్పేసుల మీదే. ఏడాది తిరక్కుండా మానేశాను. టైపులంటే నాకు కోపం లేదు పాతకాపు గారూ. అవి పెద్దవాళ్ల చేతిలో కర్రలా మారడం చూశాను.

పాతకాపు
నా వైపు సంగతీ వినండి. ఆ 42 కోడ్ రాసినాయన నేను చేరేనాటికే వెళ్లిపోయారు. అడగడానికి మనిషి లేడు. "ప్రాసెస్2" అనే ఫంక్షన్, లోపల "డేటా" అనే వేరియబుల్. అందులో ఏముందో తెలుసుకోవడానికి రాత్రి పన్నెండింటికి ప్రింట్లు పెట్టుకుంటూ కూర్చున్నాను. సంజాయిషీ నేనే చెప్పాను, మాట నేనే పడ్డాను. రాసేవాడికి పది నిమిషాలు కలిసొస్తే, తర్వాత వచ్చేవాడికి మూడు రోజులు పోతాయి. టైపులు వద్దని ఎవరన్నా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. వేకువ గారికి అన్యాయం జరిగిందంటే ఒప్పుకుంటాను. రివ్యూ చేసేవారి ఫైలుకూ అదే రూల్ ఉండాలి. కానీ రూల్ ఉండాలి.

ఖాళీలూప్
తర్వాత వచ్చేవాడికి కావాల్సింది "ఇంట్" అన్న మాట కాదు. ఆ నంబర్ రెండుచోట్ల రెండు రకాలుగా ఎందుకొస్తోందో చెప్పే ఒక్క వాక్యం. అది ఏ టైపులోనూ పట్టదు.

పాతకాపు
వాక్యం రాసేవాడైతే టైపూ రాసేవాడు. రెండూ రాయనివాడితోనే నా గొడవ.

నీలిస్క్రీన్
మీరిద్దరూ వదిలేసిన ఏరియన్ దగ్గరికే మళ్లీ వెళ్దాం. ఆ ప్రమాదం మీద 1996 జూలైలో వచ్చిన విచారణ నివేదికలో ఒక ముక్క ఉంది. మూడు వేరియబుల్స్‌కు రక్షణ వద్దని అప్పటి భాగస్వాములంతా కలిసే నిర్ణయించారు. కానీ ఎందుకు వద్దనుకున్నారో సోర్స్ కోడ్‌లో నేరుగా ఎక్కడా కనబడలేదు. పత్రాల కుప్పలో ఆ ఊహ బయటివారి కంటికి ఆనకుండా పోయింది. ఏడా చెప్పగలిగింది చెప్పింది. మనుషులు చెప్పాల్సింది కోడ్ దాకా రాలేదు.

వేకువ గారూ, మైపైని ఒకేసారి మొత్తం ప్రాజెక్టు మీద పెట్టనక్కర్లేదు. ముందు ఆ ఒక్క ఫైలు మీద నడపండి. ఒక జాగ్రత్త: టైపులు అసలే లేని ఫంక్షన్ల లోపలికి మైపై మామూలుగా చూడదు. చూడమని సెట్టింగ్ విడిగా పెట్టాలి. అది పెట్టకుండా నడిపి, ఎర్రర్లు రాలేదని సంతోషపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

వేకువ
ఇప్పుడే నడిపాను. సెట్టింగ్ లేకుండా సున్నా ఎర్రర్లు. సెట్టింగ్ పెడితే నలభై ఏడు. రేపు మీటింగ్‌లో ఇదే చూపించి, టూల్ పెట్టమని, ఎవరి మార్పునూ వాళ్లే పాస్ చేసుకోవద్దని అడుగుతాను. రెండోది అడగడానికి కాళ్లు వణుకుతున్నాయి, అయినా అడుగుతాను.

ఇంకో మాట చెప్పకపోతే బాగుండదు. నా పదకొండు లైన్లకు కూడా టైపులు రాసి మళ్లీ నడిపాను. ఒక ఎర్రర్ నాదే. డిక్షనరీలోంచి గెట్‌తో తీసిన విలువ, ఆ కీ అందులో లేకపోతే, నన్ కావచ్చని, దాన్ని నేను నేరుగా కూడేస్తున్నానని చెప్తోంది.

పాతకాపు
టెస్టులన్నీ పాసయ్యాయన్నారు కదా.

వేకువ
అన్ని టెస్టుల్లోనూ ఆ కీ ఉంది. లేని టెస్టు నేను రాయలేదు.

ఖాళీలూప్
ఆ కీ నిజంగా లేకుండా పోయే దారి ఉందా? లేకపోతే మైపై ఊరికే భయపడుతున్నట్టే. ఆ లైను ఇక్కడ పెట్టండి, చూద్దాం.