బోర్డు పునాది: లోతా, వెడల్పా?

ప్రశ్న
నమస్కారం. ఆరుబయట నిలబెట్టే బోర్డు, వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. అడుగు అంచు నేలకు 2 మీటర్ల పైన. 2 మీటర్ల ఎడంతో రెండు పోల్స్. ఒక్కోదాని కింద మీటరు పొడవు, వెడల్పు, లోతుతో కాంక్రీటు దిమ్మె అనుకున్నాను. ఒక్కో దిమ్మె 24 కిలోన్యూటన్లు. గాలి వేగం సెకనుకు 40 మీటర్లు. చాలుతుందా?

జవాబు
చాలదండీ. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 960 న్యూటన్లు. బోర్డు 6 చదరపు మీటర్లు, ఆకార గుణకం (ఆకారాన్ని బట్టి గాలి తోపును పెంచే అంకె) 1.5 అనుకుంటే మొత్తం 8.64 కిలోన్యూటన్లు, పోల్‌కు 4.32. బోర్డు మధ్య నుంచి గుంత అడుగుకు 4 మీటర్లు, అంటే పడగొట్టే మొమెంటు (బలం × దూరం) 17.3 కిలోన్యూటన్ మీటర్లు. మీ దిమ్మె బరువు ఆపగలిగేది 24 × 0.5 (సగం వెడల్పు), అంటే 12. మిగతాదంతా పక్క మట్టి పట్టుకోవాలి.

చిన్న దిమ్మెలకు ఆ మట్టిని నేను నమ్మను. నేను వేయించిన మొదటి బోర్డును ఒక వానాకాలంలో చూడబోతే నిటారుగానే ఉంది. దిమ్మెకు గాలి వచ్చే వైపు మాత్రం వేలు దూరేంత సందు, నెలవంకలా. గాలి తోసినప్పుడల్లా అందులోంచి బురదనీళ్లు పైకి ఉబికి మళ్లీ లోపలికి పోతున్నాయి. అలా ఊగిన ప్రతిసారీ కొంత మట్టి కొట్టుకుపోతుంది.

అదే కాంక్రీటును గాలి దిశలో 2 మీటర్లు, అడ్డం 1 మీటరు, మందం అర మీటరుగా పరిపించండి. పైన అర మీటరు మట్టి పోసి దిమ్మిస కొట్టించండి. మట్టి బరువు 18 కలిస్తే 42. సగం పొడవు 1 మీటరుతో గుణిస్తే ఆపేది కూడా 42, పడగొట్టే మొమెంటుకు 2.4 రెట్లు. బేస్ ప్లేటు (పోల్ అడుగున బోల్టులతో బిగించే పలక) మాత్రం నేలకు పైనే ఉండాలి, మట్టిలో కప్పిన బోల్టులు తుప్పు పడతాయి.

ఇంకొకరు
గాలి ఎప్పుడూ నడిమధ్యనే తగలదు కదండీ. వెడల్పులో ఐదో వంతు, అంటే 60 సెంటీమీటర్లు పక్కకు జరిపి చూడండి. గాలి బలంలో 80 శాతం ఒక పోల్ మీదే పడుతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు
నిజమేనండీ, సగం సగం పంచేయడం నా పొరపాటు. మొమెంటు 27.6 అవుతుంది, 2.4 కాస్తా 1.5కి దిగింది. ఊటనీరు దిమ్మె పైదాకా వస్తే అది పైకి తోస్తుంది కాబట్టి కాంక్రీటుకు ఘనమీటరుకు 24 బదులు 14 వేయాలి, అప్పుడు 1.2కు పడిపోతుంది. దిమ్మె పొడవు 2.4 మీటర్లు చేయండి. నీళ్లలో కూడా 1.7 నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు
కొలతలు మార్చాను. నీటిమట్టం చూడడానికి రేపు ఒక గుంత తవ్విస్తున్నా. పోల్స్ ఎడం కూడా 2.4 చేస్తే?

మొదటి జవాబు ఇచ్చినవారు
ఒక పోల్ వాటా 75 శాతానికి తగ్గుతుంది. చేసేయండి.