అమ్మకు అండాశయ క్యాన్సర్ తిరగబెట్టింది, కొత్త మందులు పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో చేర్పించాలంటే ఎవరిని కలవాలి?

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. అమ్మకు 56 ఏళ్లు. పోయినేడు అండాశయ క్యాన్సర్ మూడో స్టేజీ అన్నారు, ఆపరేషన్ చేసి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఆరు సైకిళ్లు ఎక్కించారు. కీమో అయి నాలుగు నెలలు కాకముందే రక్తపరీక్షలో ఈ క్యాన్సర్‌ను సూచించే సీఏ-125 మళ్లీ పెరిగింది, కడుపులో నీరు చేరుతోంది. ఆరు నెలల లోపే తిరగబెడితే కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందులు అంతగా పనిచేయవు, ట్రయల్స్ ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి అని డాక్టర్ గారు ఆ ఒక్క మాట చెప్పి తర్వాతి పేషెంట్‌ను పిలిచారు.

రాత్రంతా కూర్చుని మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్ చూశాను. ఏ ఊళ్లో జరుగుతోంది, ఇంకా పేషెంట్లను తీసుకుంటున్నారా అన్నది తెలుస్తోంది గానీ, ఎవరు అర్హులో రాసిన ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. ఒక నంబరుకు మూడుసార్లు చేశాను, ఎత్తలేదు.

హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే లాంటి ఆసుపత్రుల్లో నేరుగా ఓపీకి పోవాలా, ట్రయల్ కోఆర్డినేటర్ అని వేరే ఉంటారా? బీఆర్‌సీఏ అనే జన్యు పరీక్ష ముందే చేయించుకోవాలా? ఆపరేషన్ అప్పుడు తీసి దాచిన కణితి ముక్కలు, అదే బయాప్సీ బ్లాకులు, అడిగితే ఇస్తారా? ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా మానేయవచ్చని చెప్పినా, మా పెద్దమ్మ మాత్రం మనిషి మీద ప్రయోగమా అని ఏడుస్తోంది.

అమ్మ చాలా చిక్కిపోయింది, గాజులు జారిపోతున్నాయని దారం చుట్టుకుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా ట్రయల్‌లో చేరి ఉంటే దయచేసి చెప్పండి అక్కా, అన్నా, రేపే బస్సెక్కుతాం.